ముట్లుడుగు వేళ - హార్మోను చికిత్స

ముట్లుడుగుట అను మాట తెలుగునకు కొత్తది కాదు. అయితే నిన్నటి వరకు ఉన్నది నేడు ఉడిగినది అన్నట్లు, వాడుకలో అది ఒక్క దినమున ముగిసిన కార్యమును తెలుపుచున్నది. దేహము నడచు తీరు అట్టిది కాదు. వరుసగా పండ్రెండు నెలలు బహిష్టు రాకున్న తరువాత గాని ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింపరు. దానికి ముందు నాలుగైదేండ్లు, కొందరికి అంతకు మించియు, ఒక సంధికాలము నడచును. నేటి ప్రసంగమునకు ఆ సంధికాలమే విషయము. స్త్రీలు ఎక్కువగా బాధపడునది అప్పుడే. ఆ బాధకు పేరు తెలియనిది కూడ అప్పుడే. వినుచున్న పురుషులు ఇది తమకు సంబంధింపదని రేడియో కట్టివేయకుందురు గాక.

మన దేశమున ముట్లుడుగు వయస్సు సగటున 46, 47 ఏండ్లు. పాశ్చాత్య దేశములలో దాదాపు 51. కనుక మన స్త్రీలకు ఈ సంధికాలము నలువది దాటగనే ఆరంభము కావచ్చును. అవి పిల్లలు పెద్ద పరీక్షలకు కూర్చుండు రోజులు, అత్తమామలు మంచము పట్టు రోజులు, ఉద్యోగినులకు బాధ్యతలు పెరుగు రోజులు. అందుచేత నిద్ర పట్టకున్న చింత వలననియు, విసుగు వచ్చిన పనిభారము వలననియు, చెమట పట్టిన ఎండ వలననియు సరిపెట్టుకొందురు. మా మహిళా కార్యక్రమమునకు వచ్చు జాబులలో "ఒళ్లు వేడి చేసినది, ఏమి తినవలెను?" అను ప్రశ్న తరచు కనబడును. అడిగినవారి వయస్సు చూచినచో సగము జవాబు అందే ఉండును. మజ్జిగయు, సబ్జా గింజలును మంచివే; కాని ఈ వేడి కడుపున పుట్టినది కాదు, తలలో పుట్టినది.

మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. శరీరపు వేడిమిని ఒక మట్టమున నిలుపుట దాని పనులలో ఒకటి. అండాశయములనుండి వచ్చు ఈస్ట్రోజెన్ అను హార్మోను అందులోని కొన్ని నాడీకణములను అదుపున ఉంచును. నలువది దాటిన పిమ్మట అండములు తరుగుచు వచ్చును. ఈస్ట్రోజెన్ మాత్రము ఒక్కమారుగా ఎండిపోదు. వేసవి చెలమవలె ఒక నెల ఊరును, మరొక నెల ఇంకును. ఆ ఒడుదుడుకులలో పై నాడీకణములు కట్టు తప్పి, దేహము వేడెక్కకున్నను వేడెక్కినదని సంకేతము పంపును. చర్మమందలి రక్తనాళములు విచ్చుకొనును, ముఖము, మెడ, రొమ్ము భగ్గుమనును, చెమట కారును, కొన్ని నిమిషములకు చల్లబడి వణకు పుట్టును. ఇది రాత్రివేళ వచ్చిన నిద్ర చెడును. నిద్ర చెడిన మరునాడు కోపము, మరపు, గుండె దడ. వీనికి తోడు బహిష్టు తేదీలు తప్పుట, రక్తము మరీ ఎక్కువగా పోవుట, కీళ్లనొప్పులు, యోని పొడిబారి దాంపత్యమున నొప్పి కలుగుట. అందరికి అన్నియు రావు; కొందరికి ఏమియు రావు. అమెరికాలో పెక్కేండ్లు జరిగిన ఒక అధ్యయనపు ఫలితము 2015లో వెలువడినది. ఈ ఆవిర్లు తరచుగా వచ్చువారిలో సగము మందికి అవి ఏడేండ్లకు పైబడి ఉండెనని అందు తేలెను. "ఆరు నెలలు ఓర్చుకొమ్ము, అదే పోవును" అను సలహాకు ఈ జవాబు చాలును.

ఓర్చుకొనలేనివారు మన ప్రాంతమున పట్టుచున్న దారి మరొకటి కలదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు, తెలంగాణమున దాదాపు ఎనమండుగురు. వీరిలో నలువది యేండ్లు నిండకయే ఆపరేషను చేయించుకొన్నవారు పెక్కుమంది. "పిల్లలు పుట్టిరి, ఇక ఆ సంచితో పని యేమి?" అను మాట పల్లెలలో వినుచునే ఉన్నాము. తొందరపెట్టి ఆపరేషను చేయువారికి ఆ మాట ఎంత అనుకూలమో వేరుగ చెప్పనక్కరలేదు. కాన్సరు వంటి కారణము ఉన్నప్పుడు శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. దానిని మేము కాదనుట లేదు. కాని సంధికాలపు అధిక రక్తస్రావమునకు ముందు చేయవలసిన పనులు వేరే ఉన్నవి. రక్తహీనతకును, థైరాయిడునకును పరీక్ష, స్కానింగు, అవసరమైనచో గర్భాశయపు లోపొర నుండి చిన్న ముక్క తీసి చూచుట. కారణము తెలిసిన పిమ్మట మాత్రలతోగాని, గర్భాశయమందు అమర్చు హార్మోను లూపుతోగాని పెక్కుమందిలో రక్తము అదుపునకు వచ్చును. గర్భసంచితో పాటు అండాశయములు కూడ తీసివేసినచో, ఏండ్ల తరబడి మెల్లగా జరుగవలసిన మార్పు ఒక్క దినమున జరిగిపోవును. ఆవిర్లు తీవ్రమగును, ఎముకలు త్వరగా గుల్లబారును.

ఇక హార్మోను చికిత్స. దీని చరిత్రలో పొగడ్తయు, భయమును రెండును హద్దు మీరినవి. 1942లో అమెరికాలో అమ్మకమునకు అనుమతి పొందిన ప్రెమరిన్ అను మందు చూలు గుఱ్ఱముల మూత్రమునుండి తీసినది. 1966లో రాబర్టు విల్సన్ అను వైద్యుడు, ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీకి యౌవనము తరుగదని ఒక గ్రంథమే వెలువరించెను. వయస్సు వచ్చుటయే ఒక రోగమైనట్లు! ఒంటరిగా ఈస్ట్రోజెన్ వాడినవారిలో గర్భాశయపు లోపొర కాన్సరు పెరుగుచున్నదని 1975లో బయటపడెను. పిమ్మట గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టరోను జాతి మందును జతచేసి ఇచ్చుట ఆచారమైనది. 2002 జూలైలో "విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్" అను పెద్ద పరిశోధనలో ఈ జంట మందు పరీక్షను నడుమనే ఆపివేసిరి. రొమ్ము కాన్సరు అని పత్రికలు పెద్ద అక్షరములతో ప్రకటించెను. దేశదేశముల స్త్రీలు మాత్రలు మానివేసిరి.

ఆ లెక్కను విప్పి చూడవలెను. పదివేల మంది ఒక ఏడాది ఆ మందు వాడినచో, వాడనివారికంటె రొమ్ము కాన్సరు 8 మందికి, పక్షవాతము 8 మందికి, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ 8 మందికి, గుండెపోటు వంటివి 7 గురికి ఎక్కువగా వచ్చెను. పెద్దప్రేగు కాన్సరు 6 గురికి, తుంటి ఎముక విరుగుట 5 గురికి తగ్గెను. అపాయము లేదనరాదు, కాని జనులు ఊహించుకొన్నంత లేదు. అదియు గాక, ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 63. ముట్లుడిగి పదేండ్లు దాటినవారి ఫలితమును నలువదియైదేండ్ల వారి మెడకు తగిలించిరి. పిదప జరిగిన పరిశీలనలను బట్టి నేడు నిపుణులు చెప్పునది వేరు. అరువది యేండ్ల లోపువారికి, లేదా ముట్లుడిగి పదేండ్లు నిండనివారికి, బాధ గట్టిగా ఉండి వేరే అడ్డు లేనిచో, ఈ చికిత్స వలన సాధారణముగా లాభమే నష్టమును మించును. ఆవిర్లకు ఇంతకంటె బాగుగా పనిచేయు మందు లేదు.

అడ్డు ఎవరికి? రొమ్ము కాన్సరు వచ్చినవారికి, రక్తనాళములలో గడ్డలు కట్టినవారికి, గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చినవారికి, కాలేయము చెడినవారికి, కారణము తేలని రక్తస్రావము ఉన్నవారికి దీనిని ఇయ్యరాదు. మాత్రకంటె చర్మమునకు అతికించు పట్టీ వలనను, పూసుకొను జెల్ వలనను రక్తము గడ్డకట్టు భయము తక్కువ. పొడిబారుట ఒక్కటే బాధయైనచో, అచ్చటనే రాసుకొను కొద్దిపాటి ఈస్ట్రోజెన్ క్రీము చాలును. హార్మోను ఇష్టపడనివారికిని, పనికిరానివారికిని వేరు మందులు ఉన్నవి. మనోవ్యాకులతకు ఇచ్చు కొన్ని మాత్రలు చిన్న మోతాదులో ఆవిర్లను తగ్గించును. మెదడులోని ఆ నాడీకణములపైననే పనిచేయు ఫెజోలినెటాంట్ అను కొత్త మందునకు 2023లో అమెరికాలో అనుమతి లభించినది. మరియొక మాట: ఈ సంధికాలమున గర్భము నిలుచుట ఇంకను సాధ్యమే, హార్మోను చికిత్స గర్భనిరోధము కాదు. నలువదియైదవ యేట చూలాలైతినని కోడలి ముందు సిగ్గుపడు అత్తలు మన ఊళ్లలో లేకపోలేదు.

ముట్లుడిగి ఏడాది గడచిన తరువాత రక్తము చుక్క కనబడినను వెంటనే వైద్యురాలికి చూపవలెను. ఆపరేషను తప్పదని చెప్పినప్పుడు, అండాశయములు ఉంచెదరా, తీసివేసెదరా అని సంతకమునకు ముందే అడుగవలెను. నలువదియైదేండ్ల లోపుననే వానిని తీసివేసినవారికి, అడ్డు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వచ్చువరకైనను హార్మోను ఇచ్చుట నేటి వైద్యపద్ధతి. పదేండ్ల క్రిందట ఆపరేషను జరిగి, తీసినది గర్భసంచి ఒక్కటియేనా, అండాశయములు కూడనా అను సంగతి తెలియనివారు ఎందరో ఉన్నారు. ఆసుపత్రి నుండి ఇంటికి పంపునప్పుడు ఇచ్చిన కాగితములు పెట్టె అడుగున ఉన్నచో, వానిని తీసి వైద్యురాలి యొద్దకు తీసికొనిపోవలెను, అందు వ్రాసియుండును.