తలకు పట్టిన నల్లరంగు



కోరుట్లలో బీడీలు చేసే ఒక అక్క ఉందనుకుందాం. చెల్లె లగ్గం దగ్గరపడ్డది. నెరిసిన తలకు నల్లరంగు పెట్టుకుంది. రంగు మరీ కారునలుపు తిరిగింది. నుదురు, చెవులు కూడా నల్లబడ్డాయి.

"ఇదెట్ల పోతది?" అని ఆ అక్క అడిగింది. ఒకామె గ్యాసునూనె రుద్దుమన్నది. ఇంకొకామె బ్లీచింగ్ పొడి పెట్టుమన్నది.

రెండూ వద్దు. గ్యాసునూనెతో తల మండుతుంది. పొయ్యి దగ్గరికి పోతే అంటుకుంటుంది. బ్లీచింగ్ సంగతి సిరిసిల్లలో నూలుకు రంగు వేసేవాళ్లను అడగండి. ఎక్కువైతే నూలే చీకిపోతుంది. ఇక వెంట్రుక ఆగుతుందా? కంట్లో పడితే చూపుకే మోసం.

ఈ రంగు పైన అంటుకునేది కాదు. సన్నని మందు వెంట్రుక లోపలికి దూరుతుంది. అక్కడ ముద్దకట్టి ఇరుక్కుంటుంది. అందుకే కడిగితే పోదు.

తోలు మీది మరకకు కొబ్బరినూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడవాలి. కొన్నాళ్లకు పోతుంది. తలకు నూనె పెట్టి కుంకుడుకాయతో రుద్దుకుంటుంటే నలుపు కొంచెం వెలుస్తుంది. అంతే. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. కొసలు కత్తిరించుకుంటూ ఓపిక పట్టాలి. లగ్గానికి కొంగు కప్పుకుంటే సరి!

మరకకన్నా పెద్ద భయం ఒకటుంది. చాలా నల్లరంగుల్లో పీపీడీ అనే మందు ఉంటుంది. అది కొందరికి పడదు. దురద పెడుతుంది, మొహం ఉబ్బుతుంది, కళ్లు మూసుకుపోతాయి. అట్లయితే వెంటనే తల కడగాలి. జగిత్యాల దవాఖానకు పోవాలి. ఊపిరి ఆడకుంటే 108కి ఫోన్ చేయాలి. రంగు డబ్బా పారేయొద్దు, డాక్టరుకు చూపించాలి.