మానాలనుకున్న మనిషి ఎక్కడికి వెళ్ళాలి?

1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. దుకాణంతో ఇంత పోరాడిన మనం, తాగుడు మానాలనుకున్న మనిషి ఎవరి తలుపు తట్టాలో అంతగా ఆలోచించలేదు.

1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. కానీ అవనిగడ్డ అవతల లంక గ్రామాల కూలీ సాయంత్రం మీటింగుకని బెజవాడ వస్తే, తిరిగి వెళ్ళే బస్సు? పోయిన కూలి? చిరునామా కనుక్కునేదీ, ఛార్జీలు సర్దేదీ మళ్ళీ భార్యే. నాట్లలో నడుము నొప్పికని తాగే ఆడమనిషికైతే ఆ మగవాళ్ళ గదిలో నోరు పెగులుతుందా?

ఒకటి మరవకండి. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మీటింగు. అతను రానంటే, కుటుంబాల కోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్‌కి ఆమె ఒక్కతే వెళ్ళొచ్చు. అయితే దెబ్బలకు అది మందు కాదు, వాటికి 2005 గృహహింస చట్టం ఉంది.

మండల కేంద్రాల్లో మన సంఘాల గదులు సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నాయి. వారానికి ఒక గంట తాళం ఇద్దాం. నడుపుకునేది వాళ్ళే. మనం టీ కూడా పెట్టనక్కర్లేదు.