తైలం ఒక్కటే

(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగములు: యోహాను 12:1–8, 2 కొరింథీయులకు 2:14–16

మీరు వంటింట్లో ఉన్నా, పొలానికి బయలుదేరుతున్నా, పడకమీద ఉన్నా, కొద్ది నిమిషాలు నాతో కూర్చోండి. ఈ ఉదయం అత్తరును గురించి మాట్లాడుకుందాం.

కొన్నేళ్ళ క్రితం శ్రీకాకుళం బజారులో అత్తరు అమ్మే ఒక పెద్దాయన దగ్గర ఆగాను. ఆయన చిన్న సీసా మూత తీసి, గాజు పుల్లతో నా మణికట్టు మీద ఒక చుక్క, నా భార్య మణికట్టు మీద ఒక చుక్క రాశాడు. మొగలిపువ్వు అత్తరు. “ఇప్పుడే కొనకండి. బజారు పని చూసుకొని ఒక గంట పోయాక రండి” అన్నాడు. గంట తరువాత చూసుకుంటే నా చేతిమీద పువ్వు జాడే లేదు, ఏదో ఘాటు మిగిలింది. నా భార్య చేతిమీద మాత్రం పువ్వు, చందనం కలిసి మెత్తగా ఉంది. రెండు సీసాలు వాడారేమో అన్నాను. ఆయన నవ్వి, “సీసా ఒక్కటే అయ్యగారూ. చేతులే రెండు” అన్నాడు.

ఆ మొగలి మనకు పరాయిది కాదు. మన ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం తీరం దానికి పెట్టింది పేరు. 1936లో ఒరిస్సా వేరు పడేదాకా వాళ్ళూ మనమూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్ళమే. మొగలిలో మగచెట్టు పూసిన పువ్వుకే ఆ పరిమళం. వేకువనే కోసిన పువ్వులను రాగి డేగిశాలో నీళ్ళతో కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలం ఉన్న పాత్రలోకి పంపుతారు. ఆవిరి చల్లబడి, పువ్వు ప్రాణం తైలంలో దిగుతుంది. అదే అత్తరు. చందనం ఖరీదు పెరిగాక చాలామంది దాని బదులు పారాఫిన్ నూనె వాడుతున్నారు.

మరి ఒకే తైలం మనిషి మనిషికీ ఎందుకు మారుతుంది? అత్తరులో తేలిక వాసనలూ ఉంటాయి, బరువైన వాసనలూ ఉంటాయి. తేలికవి ముందు ఎగిరిపోతాయి, చందనం వంటివి గంటలకొద్దీ నిలుస్తాయి. చర్మం వేడిగా ఉంటే అవి త్వరగా లేస్తాయి. పొడిబారిన చర్మం మీద త్వరగా పోతాయి, జిడ్డుగల చర్మం పట్టి ఉంచుతుంది. పైగా మన చెమటకు, మన చర్మం మీద బతికే సూక్ష్మజీవులకు తమ వాసన ఒకటుంది. అత్తరు దానితో కలుస్తుంది. ప్రాగ్ నగర పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనిషి తానుగా ఎంచుకున్న పరిమళం అతని ఒంటి వాసనతో కలిసినప్పుడు, ఇతరులు ఇచ్చిన పరిమళం కంటే ఇంపుగా ఉందని తేలింది. తెలియకుండానే మనిషి తన ఒంటికి నప్పేదాన్ని వెదుక్కుంటాడన్నమాట.

ఇంకొక సంగతి. పూసుకున్నవాడి ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. ఇక అది అతనికి తెలియదు, ఎదుటివారికే తెలుస్తుంది.

ప్రియులారా, ఇది నాకు ఉద్దానంలో ఒక మంచం పక్కన అర్థమైంది. కవిటి, సోంపేట, మందస, పలాస వైపు మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టుకుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మా సంఘంలో ఒక పెద్దమ్మ డయాలసిస్‌కు వెళ్ళి వచ్చేది. నేను ఆదివారం ఆరాధన ముగించుకొని, మంచి చొక్కా మీద అదే అత్తరు రాసుకొని, ప్రార్థన చేద్దామని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కుర్చీ మంచం దగ్గరకు లాక్కున్నాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తట్టుకోలేక, “ఏటీ అనుకోకండి అయ్యగారూ, ఆ వోసన నాకు పడట్నేదు. కూసింత దూరంగా కూకోండి” అంది.

ఆ జబ్బులో రక్తంలో యూరియా పేరుకుంటే వికారం పుడుతుంది, నోటి రుచి మారుతుంది, మంచి వాసన కూడా కడుపులో తిప్పుతుంది. నాకు ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు. నాకు బాగుందిగనుక ఆమెకూ బాగుంటుందనుకున్నాను. ఆ రోజు వాకిట్లో నిలబడి ప్రార్థన చేసి వచ్చేశాను. దారి పొడవునా నాకు సిగ్గుగానే ఉంది.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఒకే పరిమళం కొందరికి జీవం, కొందరికి మరణం అని ఆయన అంటాడు. సువార్తను తిరస్కరించేవారిని ఉద్దేశించి చెప్పిన మాటది. అయితే నా వంటి సేవకుడు దానిని సాకుగా వాడుకోకూడదు. ఎదుటివాడు ముఖం తిప్పుకున్న ప్రతిసారీ తప్పు వాడిదే కానక్కరలేదు. కొన్నిసార్లు వాడికి పడనిది సువార్త కాదు, మన అత్తరు. అంటే మన గొంతు, మన తొందర, అడగకుండా ఇచ్చే మన సలహా.

తరువాతి వారం సబ్బుతో స్నానం చేసి, ఉతికిన పాత చొక్కా వేసుకొని వెళ్ళాను. ఆమె నన్ను చూసి, “ఈయేళ దగ్గరగా కూకోండి” అంది. ఆ మాటకంటె పరిమళమైనది నేను ఎరుగను.

కొన్ని నెలలకు ప్రభువు ఆమెను పిలుచుకున్నారు. పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఏడుస్తూ రెండు సీసాల అత్తరు ఆమె చేతుల మీద, పాదాల మీద పోశారు. నేను దగ్గరే ఉన్నాను. చల్లబడిన ఒంటి మీద అత్తరు లేవదు, శ్రోతలారా. వెచ్చదనం ఉంటేనే అది వికసిస్తుంది.

ఇప్పుడు బేతనియకు రండి. పస్కాకు ఆరు రోజుల ముందు మరియ జటామాంసి అత్తరు తెచ్చింది. జటామాంసి మన హిమాలయాల ఎత్తుల్లో పెరిగే మొక్క. దాని తైలం ఎన్ని చేతులు మారి యూదయకు చేరిందో! ఆమె తెచ్చినదాని వెల మూడువందల దేనారములు. దినకూలికి ఒక దేనారము లెక్కన ఇంచుమించు ఏడాది సంపాదన. దానిని యేసు పాదాల మీద పోసి తన తలవెంట్రుకలతో తుడిచింది. ప్రభువు పాదాల మీద అది భూస్థాపనకు సిద్ధపాటు అయింది. ఆమె తలమీద కృతజ్ఞత అయింది. యూదా ముక్కుకు మాత్రం అది నష్టపు లెక్కగా తగిలింది. తైలం ఒక్కటే.

మరొకటి గమనించండి. వారం తిరిగాక ఆదివారం తెల్లవారగానే కొందరు స్త్రీలు సుగంధద్రవ్యాలు పట్టుకొని సమాధి దగ్గరకు వెళ్ళారు. వారి ప్రేమ గొప్పదే. కాని ఆ ద్రవ్యాలు పూయడానికి అక్కడ దేహం లేదు, ఆయన లేచియున్నాడు. ఆయన పాదాలకు సమయానికి అందినది, వెచ్చగా ఉండగానే పోసిన మరియ తైలమే.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేద్దాం. మొదటిది, నీతో ఒకే కప్పు కింద ఉండేవారిని అడుగు: నా వలన ఈ ఇంట్లో ఎలాంటి వాసన వస్తోంది? నీ ముక్కుకు తెలియదుగనుక వారినే అడగాలి. వారు చెప్పినప్పుడు కోపపడకు. రెండవది, మీ అమ్మకో, మాట్లాడడం మానేసిన అన్నకో, మంచాన ఉన్న పొరుగువారికో ఇవ్వవలసిన పరిమళం నీ దగ్గర సీసాలో ఉండిపోయిందా? వారికి ఏది పడుతుందో తెలుసుకొని, వారి చెయ్యి వెచ్చగా ఉండగానే పోయి.

ప్రార్థించుకుందాం. ప్రభువా, మా అత్తరును మేమే మెచ్చుకొని మురిసిపోయిన దినములను క్షమించుము. ఎదుటివారి బాధ ఎరిగి దగ్గర కూర్చుండు మనస్సును మాకు దయచేయుము. ఆలస్యము కాకముందే మా సీసా మూత తీయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.