మందు మానుటలోని మెలకువ
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మేమొక చిన్న మాత్రను గూర్చి విన్నవింప నిలిచితిమి. మేము వైద్యులము కాము. లూపస్ అను దీర్ఘవ్యాధి గల కుమార్తెను పెంచిన గృహస్థులము.

దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి స్వదేహమును బాధించుట ఈ వ్యాధి లక్షణము. కీళ్లు, చర్మము, మూత్రపిండములు దీని వాతబడును. ఇది అంటువ్యాధి కాదు. దీనికి వాడు మందులలో ప్రెడ్నిసోలోన్ అను స్టెరాయిడ్ ముఖ్యమైనది.

ఈ జాతి మందుల మహిమ మొదట కనబడినది 1948 సెప్టెంబరులో. అమెరికాలోని మేయో క్లినిక్కునందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముచే కదలలేకయున్న యొక యువతికి కార్టిసోన్ సూదిమందు నిచ్చెను. కొలది దినములలోనే యామె నడిచెను. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించెను. అయితే దీర్ఘకాలము వాడినచో మొగము ఉబ్బుట, ఎముకలు బలహీనమగుట, రక్తమున చక్కెర పెరుగుట, కంట శుక్లములు కలుగుట మొదలగు కీడులును వెంటవచ్చునని తరువాత తేటపడెను. అప్పిచ్చి ఆదుకొన్నవాడు వడ్డీ వసూలు చేయకుండునా?

ఇక మా తప్పు చెప్పెదము. 2017లో మా అమ్మాయి దినమునకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఏడాదిన్నరగా ఈ మాత్ర వాడుచుండెను. మొగము గుండ్రముగ ఉబ్బియుండెను. ఇంతలో నొక సంబంధము వచ్చెను. పెండ్లిచూపులకు పదిదినములే గడువు. "ఆ మాత్రలు ఆపుడు, మొగము దిగును" అని బంధువులు పలికిరి. వైద్యుని అడుగక మేము మాన్పించితిమి. అయిదవనాటికి వాంతులు, లేచి నిలువబోయిన కన్నులు చీకట్లు క్రమ్మెను. వరునివారు రానున్న ముందునాడు స్నానపుగదిలో స్పృహదప్పి పడిపోయెను. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, హైడ్రోకార్టిసోన్ సూదిమందు నిచ్చి బ్రతికించిరి.

అప్పుడు వైద్యులు మాకు బోధించినదిది. మూత్రపిండములపై టోపీలవలె అధివృక్క గ్రంథులు రెండు గలవు. అవి కార్టిసాల్ అను రసమును ప్రతిదినము ఊరించును. రక్తపుపోటును నిలుపుటకును, జ్వరమునకు, గాయమునకు తట్టుకొనుటకును అది యత్యావశ్యకము. వెలుపలినుండి మాత్ర వచ్చుచుండిన, కొట్టు నిండియున్నదని సాగు మానిన రైతువలె ఈ గ్రంథులు పని చాలించును. మూడునాలుగు వారములకు మించి వాడిన వారికి ఈ స్థితి కలుగవచ్చును. అట్టివారు మాత్రను ఒక్కసారి ఆపినచో కొట్టులో గింజ లేదు, పొలమున పంట లేదు!

కావున దిగుట మెట్టు మెట్టుగ జరుగవలెను. మా అమ్మాయికి మొదట రెండున్నర చొప్పున తగ్గించి 10కి తెచ్చిరి. అటుపై నెలకొక్క మిల్లీగ్రాము మాత్రమే. దేహము తానై దినమునకు చేసికొను కార్టిసాల్ సుమారు 4, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోనుకు సాటియట. అందుచేత తుదిమెట్లే మిక్కిలి మెల్లగ దిగవలసినవి. 7 వద్ద మూత్రమున ప్రొటీను కనబడి వ్యాధి తిరుగబెట్టెను. మరల పైమెట్టుకు ఎక్కించి, అజాతియోప్రిన్ అను వేరొక మందు జతచేసిరి. 5కు చేరుటకు పదునెనిమిది మాసములు పట్టెను. లూపస్ రోగులకు నిలుకడ మోతాదు 5కు మించరాదనియు, వీలైనచో పూర్తిగ మాన్పవలెననియు 2023లో ఐరోపా వాతరోగ వైద్యుల సంఘమును సూచించినది. ఈ లెక్క మా అమ్మాయిది. ఎవరి లెక్క వారి వైద్యుడే కట్టవలెను.

మందు తగ్గించుకొనుచున్న వారికి జ్వరము వచ్చినను, శస్త్రచికిత్స జరిగినను మోతాదు తాత్కాలికముగ పెంచవలసియుండును. వాంతులచే మాత్ర నిలువకున్న వెంటనే ఆసుపత్రికి పోవలెను. తాము స్టెరాయిడ్ వాడుచున్నట్లు చీటి యొకటి వెంట నుంచుకొనవలెను. కీళ్లనొప్పులకని అమ్ము పేరులేని పొడులలో కొన్నిట ఈ మందే రహస్యముగ కలిపియుండును. వానిని వాడుచుండినచో ఆ సంగతియు వైద్యునికి చెప్పవలెను.

ఆ సంబంధము తప్పిపోయినది. దానికి మాకు విచారము లేదు. నలుగురి కన్నులకు వెరచి బిడ్డ ప్రాణమును పణముగ ఒడ్డితిమను విచారము మాత్రము నేటికిని పోలేదు. ఆమె యిపుడు 4 మిల్లీగ్రాములతో ఉద్యోగము చేసికొనుచున్నది.

సోదరీమణులారా! ఉబ్బిన మొగమును చూచినపుడు "ఏమిట్లైతివి?" అని యడుగకుడు, "మాత్ర వేసికొంటివా?" అని యడుగుడు. వధూవరుల పరిచయసభలో వ్యాధి దాచుటకు ఎవరిని బలవంతపెట్టకుడు. దాతలారా! ఇట్టివారి రక్తపరీక్షలకును, ఎముకల పరీక్షకును సంఘనిధినుండి కొంత సాయము చేయింపుడు. మా తప్పు మరియొక యింట జరుగకుండిన, ఈ సభలో మేము పలికిన నాలుగు మాటలు సార్థకములగును.