ఒక కొయ్య మేకు దస్త్రం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు టీ గురించి నాలుగు మాటలు చెబుతాను. మనం సెక్షన్‌లో ఫైళ్ళ మధ్య తాగిన టీ కాదు. గోల్ఫ్ ఆటలో మొదటి దెబ్బ కొట్టేటప్పుడు బంతిని నేలకు కాస్త ఎత్తున నిలబెట్టే చిన్న మేకును కూడా టీ అనే అంటారు. మనలో ఆ ఆట ఆడినవారు తక్కువే. అయినా దాని చరిత్రలో గుమాస్తాగిరీ చేసినవాడికి పట్టుకొనే సంగతి ఒకటుంది.

పూర్వం ఆటగాళ్ళు తడి ఇసుకను గుప్పెడు తీసుకొని, చిన్న కుప్పగా చేసి, దానిమీద బంతి పెట్టేవారు. చేతులకు మట్టి అంటేది. ఒక కుప్ప ఎత్తు ఇంకో కుప్పకు వచ్చేది కాదు. 1889లో స్కాట్లండులో విలియం బ్లాక్సమ్, ఆర్థర్ డగ్లస్ అనే ఇద్దరు నేలమీద పెట్టే రబ్బరు పలకకు పేటెంటు తీసుకున్నారు. కానీ అది నేలలో దిగేది కాదు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంట్ అనే దంతవైద్యులుండేవారు. ఒకనాటి బానిసల కుమారుడు. హార్వర్డులో 1870లో దంతవైద్యం పూర్తిచేసి, అక్కడే బోధకులైన మొదటి నల్లజాతీయుడు. పుట్టుకతో అంగిలి చీలినవారికి కృత్రిమ అంగిలి అమర్చడంలో పేరు పొందారు. ఆ చేతితోనే టీని కూడా బాగుచేశారు. కింద నేలలో గుచ్చే సన్నటి కొయ్య, పైన బంతి కూర్చోవడానికి చిన్న రబ్బరు గొట్టం. దెబ్బ తగిలితే రబ్బరు వంగుతుంది, కర్రకు అడ్డు రాదు. 1899 డిసెంబరు 12న 638920 నంబరుతో దానికి పేటెంటు వచ్చింది.

గ్రాంట్‌గారు దానిని వ్యాపారం చేయలేదు. స్నేహితులకు ఊరికే ఇచ్చేవారు. 1910లో కాలం చేశారు.

తర్వాత 1920లలో న్యూజెర్సీకి చెందిన విలియం లోవెల్, ఆయనా దంతవైద్యులే, మొత్తం ఒకే కొయ్యతో, తలమీద చిన్న గుంటతో టీ చేశారు. గడ్డిలో కనబడాలని ఎర్రరంగు వేసి 'రెడ్డీ టీ' అని పేరు పెట్టారు. మన రెడ్డిగార్లు పొరపడకండి, అది ఇంగ్లీషు ఎరుపే! వాల్టర్ హేగన్ వంటి పేరున్న ఆటగాళ్ళకు డబ్బిచ్చి వాడించారు. టీలు బాగా అమ్ముడుపోయాయి. పేటెంటు వచ్చింది గానీ, నకళ్ళు చేసినవారితో కోర్టుల చుట్టూ తిరగక తప్పలేదు. టీ కనిపెట్టింది లోవెల్‌గారేనని లోకం చాలాకాలం అనుకొంది.

1991లో అమెరికా గోల్ఫ్ సంఘం గ్రాంట్‌గారి కృషిని గుర్తించింది. అప్పటికి పేటెంటు వచ్చి 92 సంవత్సరాలు. ఆయన తరఫున సాక్ష్యం చెప్పింది ఎవరు? ఆ కాగితమే. నంబరు, తేదీ, బొమ్మ, సంతకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. అది లేకుంటే, ఊరికే పంచిపెట్టిన మేకులతోపాటు ఆయన పేరూ మట్టిలో కలిసిపోయేది.

సోదరులారా, మనం పేటెంట్లు తీసుకొన్నవాళ్ళం కాము. కానీ పెన్షన్ కాగితాలు వెనక్కి రాకుండా ఏ వరుసలో పెట్టాలో, పాత ఫైలు క్షణంలో దొరకాలంటే రిజిస్టరులో ఏ గడి అదనంగా గీయాలో మనలో ఎందరో కనిపెట్టారు. అవేవీ ఎక్కడా నమోదు కాలేదు. మనిషి పోతే ఆ తెలివీ పోతున్నది. ఏటా మన సంతాప తీర్మానాల పట్టిక పెరుగుతున్న సంగతి మీకు తెలుసు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మీ సర్వీసులో మీరు చక్కబెట్టిన పని ఒక్కటి, అర పేజీలో, అవసరమైతే గీత గీసి, తేదీ వేసి, సంతకం చేసి మన సంఘానికి పంపండి. చేయి వణికేవారు చెప్పండి, మనవలు రాస్తారు. జీవితమంతా ఇతరుల ఫైళ్ళు భద్రపరిచాం. మన ఫైలు కూడా ఒకటి తెరుద్దాం.