గ్రాఫీన్‌కు పాలిమర్ పూత
(ఉపకార వేతనాల ప్రదాన సభ, షోలాపూర్ – ప్రసంగ పాఠం)

 

నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. అయినా ఈ రోజు గ్రాఫీన్ గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వారికి ఇవ్వడం దేనికి? ఇంజనీరింగు వారికిస్తే త్వరగా ఉద్యోగం వస్తుంది కదా" అని మన కమిటీలో ఒక మాట వచ్చింది. దానికి నా సమాధానం ఇది.

గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర. పెన్సిల్‌లోని గ్రాఫైటు ఇలాంటి పొరల దొంతరే. 2004లో మాంచెస్టర్‌లో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గారలు అంటుకునే టేపుతో ఈ పొరను విడదీశారు. 2010లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఈ పొరను ఏ అణువు తాకినా అందులో పారే విద్యుత్తు మారుతుంది. రక్తంలో వ్యాధి గుర్తును పట్టే సెన్సరుకు ఇది మంచి గుణమే. కానీ అక్కరలేని ప్రొటీన్లు కూడా వచ్చి దానికి అంటుకుంటాయి. అప్పుడు సెన్సరు చెప్పే లెక్క తప్పుతుంది.

పడుగుకు గంజి పెట్టనిదే నేత సాగదని మన మగ్గాల ఇళ్లలో అందరికీ తెలుసు. గంజిలోని పిండిపదార్థం కూడా ఒక పాలిమరే. అది నూలును రాపిడి నుండి కాపాడుతుంది. అలాగే గ్రాఫీన్‌పై పాలిఎథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ పూత ఉంటే, అది నీటిని పట్టి ఉంచి, అక్కరలేని ప్రొటీన్లను చాలావరకు దరిచేరనీయదు. ఆ పాలిమర్ గొలుసుల కొసలకు, కావలసిన గుర్తును మాత్రమే పట్టే యాంటీబాడీలను తగిలిస్తారు.

ఇక పూతను నిలపడం ఎలా? గ్రాఫీన్ కార్బన్‌తో నేరుగా రసాయన బంధం వేస్తే పట్టు గట్టిగా ఉంటుంది, కానీ విద్యుత్ ప్రసారం దెబ్బతింటుంది. పైరీన్ వంటి చదునైన అణువును పొరపై ఆనించి, దాని ద్వారా తగిలిస్తే పొర చెడదు, పట్టు మాత్రం కొంత తక్కువ. 2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఈ పైరీన్ మార్గంలోనే యాంటీబాడీలను గ్రాఫీన్‌పై నిలిపి, కరోనా వైరస్‌ను గుర్తించే సెన్సరు చేసి చూపారు.

ఏ బంధం మేలో తేల్చేది కెమిస్ట్రీ చదివినవారే. ఫలితానికి ఏళ్లు పడుతుంది. గ్లూకోజు సెన్సరు ఆలోచనను క్లార్క్, లయన్స్ గారలు 1962లోనే ప్రచురించారు. ఈనాడు మనలో షుగరు ఉన్నవారు ఇంట్లోనే ఒక్క రక్తపుబొట్టుతో పరీక్ష చేసుకుంటున్నారంటే, ఆ తరువాత ఎందరో ఓపికగా పనిచేసిన ఫలమే.

కనుక ట్రస్టు వారికి నా విన్నపం. ప్రతి సంవత్సరం ఒక్క ఉపకార వేతనమైనా సైన్సు పరిశోధన వైపు వెళ్లేవారికి కేటాయించండి. చదువు పూర్తయ్యేదాకా దాన్ని ఆపకండి.

సెలవు.