కొమ్ముల టోపి



పత్రిక చేతికి రాగానే ముందుగా బొమ్మను చూచి, పిమ్మట వార్త చదువువారు మనలో పెక్కురు. వార్త నాటితో మాసిపోవును. బొమ్మ మనస్సున నిలిచిపోవును. అట్లు నిలిచిన బొమ్మ నిజము కానిచో నేమగునో యొక దూరదేశపు కథవలన మనవి చేసెదను.

వైకింగులనగా నార్వే, స్వీడను, డెన్మార్కు దేశముల నావికులు. సుమారు 800 మొదలు 1050 వఱకు వారి కాలము. వారిలో దోపిడికాండ్రును గలరు, వర్తకులును గలరు. స్వదేశమున పెక్కురు కర్షకులు. పాశ్చాత్య పత్రికలలో వైకింగును గుర్తింపజేయుటకు చిత్రకారుడు చేయుపని యొక్కటే: తలపై టోపికి రెండు కొమ్ములు తగిలించుట. ప్రకటనలలోను, హాస్యచిత్రములలోను నిదే గుర్తు. 1973లో అమెరికా పత్రికలలో మొదలైన హేగర్ అను బొమ్మల కథలోని వైకింగునకును కొమ్ముల టోపియే.

అయితే వైకింగుల కాలపు కొమ్ముల టోపి యొక్కటియు నింతవఱకు దొరకలేదు. 1943లో నార్వేలో దొరికిన యినుప శిరస్త్రాణము గుండ్రనిది. కన్నులను గాచుటకు ముందు రేకు గలదు, కొమ్ములు లేవు. 1942లో డెన్మార్కున కొమ్ములు గలవి రెండు దొరికిన మాట నిజమే. కాని యవి వైకింగులకు వేయేండ్లకు పైగా పూర్వపువి. మఱి యీ కొమ్ములు ప్రచారమునకు వచ్చుటెట్లు? 1876లో జర్మనీలోని బైరాయిట్ పురమున వాగ్నరు సంగీతనాటకములు ప్రదర్శించినపుడు, డోప్లర్ అను చిత్రకారుడు కొన్ని పాత్రలకు కొమ్ముల టోపీలు కల్పించెను. మన వీధి భాగవతములలోని భుజకీర్తులవంటివే యవి. ఆ వేషము రంగస్థలము దిగి పత్రిక కెక్కెను. పత్రికనుండి లోకుల నమ్మకమయ్యెను.

పత్రికలు నిజము చూపనే లేదని కాదు. 1880లో నార్వేలోని గోక్‌స్టాడ్ దిబ్బను త్రవ్వగా వైకింగుల యోడ బయల్పడెను. దాని పోలికగా కట్టిన యోడపై 1893లో మాగ్నస్ ఆండర్సన్ అను నావికుడు తన వారితో మహాసముద్రము దాటి షికాగో ప్రదర్శనమునకు పోయెను. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగినది యా సంవత్సరముననే, యా నగరముననే. కొలంబసుకు పూర్వమే తమవా రమెరికాకు పోగలిగిరని చూపుట యాండర్సను ఉద్దేశము. పత్రిక లా యోడను గూర్చి విరివిగా వ్రాసినవి. త్రవ్వకమున పుట్టిన బొమ్మ యోడ. నాటకమున పుట్టిన బొమ్మ కొమ్ములు. లోకము రెంటిని గలిపి, నిజమైన యోడలో కల్పితపు మనుష్యులను కూర్చుండబెట్టెను.

మనయందును నిట్టిది కలదు. శ్రీకృష్ణదేవరాయలనగా కిరీటధారియే మన కన్నులకు గట్టును. తిరుమల యాలయమున నాయన లోహవిగ్రహము దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచియున్నది. దాని తలపై నున్నది కిరీటము కాదు, పొడవైన కుళ్లాయి.

ఇక మన ప్రాంతపు మాట. బొగ్గుగని కార్మికుడనగా పత్రికలో వేయు బొమ్మ యెట్టిది? మసిబారిన ముఖము, టోపిపై దీపము. ఇది కొమ్ములవలె కల్పితము కాదు, నిజమే. కాని నిజములో నొక తునక మాత్రమే. షిఫ్టు దిగి స్నానము చేసి, మనుమని చేయి పట్టుకొని గోదావరి యొడ్డున నడచు మనుష్యుడా బొమ్మలో లేడు. తట్టయు చెమ్మసును బట్టి బొగ్గు నింపినవాని నడుము నొప్పి యందు లేదు. సింగరేణి కంపెనీ యా పేర 1920లో ఏర్పడినది, నూరేండ్లు దాటినవి. ఆ పాత పని యెఱిగినవారు నానాటికి తఱుగుచున్నారు. వారి పిమ్మట మిగులునది బొమ్మ యొక్కటియే.

పెద్దలారా, మీ యింట పాత పత్రికలోని బొమ్మ యేదైన నున్నచో మనుమలను పిలిచి చూపుడు. ఇది నిజము, ఇది చిత్రకారుని చమత్కారము, ఇది యిందు రాకపోయినది యని చెప్పుడు. చదువు నేర్చిన పిల్లలచేత వ్రాయించి దానితోనే దాచుడు. వైకింగుల టోపి యెట్టిదో చెప్పుటకు తాత లెవ్వరును మిగులలేదు. మట్టి త్రవ్వి తెలిసికొనవలసివచ్చెను. మన పిల్లలకు మీరున్నారు.

సెలవు.